రెమెడియోస్ తిప్పిన కాగితం

సంఘాన్ని మూసేస్తున్నామని రాసిన కాగితం సంచిలో పెట్టుకుని, రెమెడియోస్ పొద్దున్నే తాలిసాయ్ ఊరి ఒడ్డు వెంట బయల్దేరింది. తాల్ సరస్సు మీద కాటమరాన్‌లకు, అంటే రెండు దోనెలు జోడించి కట్టిన తెరచాప పడవలకు, పందేలు నడిపే సంఘం అది. భర్త పోయినప్పటి నుంచి పదకొండేళ్లుగా ఆమే కార్యదర్శి. రోజు ఖాయం చేసేది ఆమె, నియమాలు రాసేది ఆమె, జెండా ఊపేది ఆమె. చివర్లో అందరికీ అన్నం, కాల్చిన చేప వడ్డించేదీ ఆమే. ఒకప్పుడు పద్నాలుగు పడవలు వచ్చేవి. కిందటి ఆదివారం మూడొచ్చాయి. మూసేయాలంటే సగంమంది సభ్యుల సంతకాలు కావాలి.

మొదట బాల్డోమెరో దగ్గరికి వెళ్లింది. డెబ్బై ఏళ్ల ముసలాయన, పడవకు పడిన చిల్లి పూడుస్తున్నాడు. కాగితం చదివి పక్కన పెట్టాడు.

"ఇదేంటమ్మా, బతికున్నదానికి సమాధి కడుతున్నావు?"

"రానివాళ్ల కోసం ఎన్నాళ్లని వండను, బాబాయ్?"

"ఆదివారం పదింటికి పందెం పెడతావు. పదింటికి గాలెక్కడుంది? ఎండలో తెరచాప వేలాడేసుకుని కూచోవాలి. రెండు దాటాకే కదా గాలి లేచేది. పైగా ఆ రోజు చర్చి, సంత."

"మరి ఇన్నేళ్లూ ఒక్క మాటా అనలేదేం?"

"ఎవరడిగారు? అన్నీ నువ్వే చేసి పెడుతుంటే చుట్టాల్లా వచ్చాం, తిన్నాం, పోయాం. చుట్టాలు ఎన్నాళ్లుంటారు తల్లీ? ఇది మా ఇల్లని మాకెప్పుడూ అనిపించలా."

కష్టమంతా తను పడితే వాళ్లు హాయిగా పడవ నడుపుకుంటారనే కదా ఇన్నాళ్లూ రెమెడియోస్ అనుకుంది. ప్రేమతోనే చేసింది. ఆ ప్రేమే వాళ్లకు అడ్డుగోడ అయిందని ఇప్పుడు తెలిసింది.

బాల్డోమెరో సంతకం పెట్టలేదు. కాగితం వెనక్కి తిప్పి పెన్సిలుతో రాశాడు: శనివారం, మధ్యాహ్నం రెండున్నర. "జెండా నేనూపుతా. ఈ మోకాళ్లు ఎటూ పడవెక్కనివ్వడం లేదు."

అక్కణ్ణించి ఫ్లోర్డెలిజా నడిపే నూడుల్స్ కొట్టుకు వెళ్లింది. రెండేళ్లుగా పందేలకు రావడం మానేసిన సభ్యురాలు ఆమె. ఫ్లోర్డెలిజా నవ్వలేదు.

"రెండేళ్లకు దారి తప్పొచ్చావా, అక్కా?"

"నామీద కోపమేమిటో చెప్పు. వినడానికే వచ్చాను."

"పడవలు తిరగాల్సిన మలుపు గుర్తు తీసుకెళ్లి చేపలు పెంచే బోనుల పక్కన వేయించావు. తాళ్లలో చిక్కుకుని చుక్కాని విరిగింది, మా అమ్మాయి నీళ్లలో పడింది. ఒడ్డుకొస్తే నువ్వు 'పందెం పూర్తి చేయలేదు' అని రాసుకున్నావు."

"నియమం అదే కదే..."

"నియమం గొడవ కాదక్కా. ఏ తాడు ఎక్కడుందో రోజూ ఆ నీళ్లలో తిరిగే మాకు తెలుసు. ఒడ్డున నించునే నీకు తెలీదు. తెలీకపోవడం తప్పు కాదు. అడక్కపోవడం తప్పు."

రెమెడియోస్ చేతిలో కాగితం బల్ల మీద పెట్టేసింది. "పిల్లకు దెబ్బ తగిలిందా ఆ రోజు?" అని అడిగింది.

ఫ్లోర్డెలిజా మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకుంది. తర్వాత వేడివేడి గిన్నె ఒకటి తెచ్చి ముందు పెట్టింది. "మోచేయి గీరుకుంది, అంతే. తిను, చల్లారిపోతుంది." రెమెడియోస్ తింటుండగానే కాగితం లాక్కుని రాసింది: గుర్తులు వేసే పని నాది.

సాయంత్రానికి కాగితం వెనకవైపు నిండిపోయింది. తెరచాపలు కొలిచే పని ఒకరు తీసుకున్నారు, కొత్తవాళ్లకు నేర్పే పని ఇంకొకరు. ఒక్క పెద్దాయన మాత్రం, ఇక ఓపిక లేదంటూ ముందువైపు సంతకం పెట్టాడు. ఆమె ఆయన్ని బలవంతపెట్టలేదు.

ఆ శనివారం ఎనిమిది పడవలొచ్చాయి. బాల్డోమెరో జెండా ఆలస్యంగా ఊపి తిట్లు తిన్నాడు. అన్నం ఎవరిది వాళ్లే తెచ్చుకున్నారు. గాలికి తెరచాపలన్నీ ఒక్కసారి నిండుతుంటే, చేతులకు పనేమీ లేక, వాటిని ఒళ్లో పెట్టుకుని రెమెడియోస్ చూస్తూ ఉండిపోయింది.

ఏడాది చివర ఓట్లు వేసి ఫ్లోర్డెలిజాను కార్యదర్శిని చేశారు. రెమెడియోస్ ఓటూ ఆమెకే. వెనక వరసలో కూచుని, పిల్లలకు విడిగా పందెం పెట్టాలని మొదటిసారి అందరిలా చెయ్యెత్తి అడిగింది. ముగ్గురు ఒకేసారి అడ్డం తిరిగారు. గంటసేపు వాదించుకున్నారు. చివరికి ఆమె అడిగినదాంట్లో సగానికి ఒప్పుకున్నారు. ఆమె బొంగురు గొంతుతో, తేలికపడ్డ మనసుతో ఇంటికి నడిచింది.