నూకరత్నం కంట్లో నేను

నేను ఒక లెన్సుని. కళ్లజోడులో దర్జాగా కూర్చునే రకాన్ని కాదు, కంటి లోపల దూరే రకాన్ని. కందిబద్దంత ఉంటాను. యంత్రాలు నన్ను కోసి, నున్నగా రుద్ది, డబ్బాలో పెట్టి సీలు వేశాయి. డబ్బా మీద ఒక తేదీ కొట్టారు. ఆ లోపల డబ్బా తెరిచి నన్ను వాడాలని డాక్టరుకి హెచ్చరిక, అంతే. ఆ పాడు తేదీ వల్ల నేను పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు.

కాకినాడ అవతల, సముద్రం ఒడ్డున, రొయ్యగుడ్లు పొదిగించి పిల్లల్ని తీసే హేచరీలో లెక్కల మనిషి నూకరత్నం. రైతులకు పంపే రొయ్యపిల్లల్ని తెల్ల గిన్నెలోకి తీసి లెక్కపెడుతుంది. కనురెప్ప వెంట్రుకంతేసి పిల్లలు, పైగా ఒక్కచోట ఉండి చావవు. ఒక్క సంచిలో ఎన్నుంటే మిగతా సంచుల్లోనూ అన్నే అని లెక్క. ఇరవై రెండేళ్లుగా ఆవిడ మాటకు ఎదురు లేదు. చిన్నప్పుడు అమ్మవారు పోసి ఎడమ కన్ను పోయింది. ఉన్న ఒక్క కుడి కంటికీ శుక్లం వస్తే, ఆపరేషను చేసి నన్ను పెట్టారు.

రెండేళ్లు రాణిలా చూసుకుంది నన్ను. మూడో ఏడు నా వెనకున్న పొర మసకబారడం మొదలైంది. నేను కాదు, నన్ను మోస్తున్న పొర! ఆవిడ చీరచెంగుతో కన్ను తుడుచుకునేది, చన్నీళ్లు కొట్టుకునేది. ఎక్కడ తుడుస్తున్నావు తల్లీ, మురికి నా వీపు వెనక ఉంది అని అరుద్దామంటే నాకు నోరేదీ?

ఇంతలో ఆవిడ మొగుడు వీర్రాజు, ఆసుపత్రివాళ్లిచ్చిన కార్డు బయటకు తీశాడు. దాని మీద నా డబ్బా చీటీ అంటించి ఉంది.

"ఒసే, ఇదిగో చూడు. డేటు దాటి నాలుగు నెలలైంది. లెన్సు పాడైపోయిందే!"

"అయితే మళ్లీ కోసి తీసేత్తారేటి?"

"తియ్యరా మరి? డేటైపోయిన మాత్ర మింగుతామా?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడకు మాత్రం గుండె జారిపోయింది. ఉన్నది ఒక్క కన్ను, దాన్ని మళ్లీ కోస్తే ఏమైనా మిగులుతుందా అని. ఎవరికీ చెప్పొద్దని మొగుడి చేత ఒట్టు వేయించుకుని, రోజూ హేచరీకి వెళ్లేది. చూపు తగ్గిందని తెలిస్తే లెక్కల మనిషికి ఉద్యోగం ఉంటుందా?

అలాంటి రోజుల్లోనే సత్తిబాబు అనే రైతు గిన్నెలోకి తొంగిచూసి, "ఇన్ని లేవు పిన్నీ" అన్నాడు. నూకరత్నానికి ఎక్కడలేని రోషం వచ్చింది.

"నా లెక్కకే వంక పెడతావేటి? ఊరికే నాలుగు పిల్లలు ఎక్కువ లాక్కుందామని చూత్తన్నావా?"

పదిమంది రైతులు నవ్వారు. సూపర్‌వైజరు కూడా, "రత్నంగారి లెక్కంటే లెక్కేనండి" అని తేల్చేశాడు. సత్తిబాబు తలొంచుకుని సంచులు ఎక్కించుకుపోయాడు. అతను చెప్పింది నిజమని నాకు తెలుసు. రొయ్యపిల్ల నీడ గిన్నె అడుగున పడుతుంది. ఆ మసకలో పిల్లా, నీడా ఒకేలా నల్లగా కదులుతాయి. ఆవిడ రెండింటినీ లెక్కేసింది. తెలిసీ చెప్పలేకపోవడం ఎంత నరకమో ఆ రోజు నుంచి అనుభవించాను.

ఓ ఉదయం ఒకే గిన్నెని మూడుసార్లు లెక్కపెడితే మూడు లెక్కలొచ్చాయి. ఇక ఆగలేక, కార్డు పట్టుకుని ఒక్కర్తే ఆసుపత్రికి పోయింది. డాక్టరమ్మ కార్డు చూసి నవ్వేసింది.

"ఈ డేటు డబ్బా తెరిచేదాకేనమ్మా. లెన్సు అద్దంలా ఉంది. వెనక పొర మసకేసింది, అంతే. లేజరుతో దానికి చిన్న కిటికీ తెరుస్తాం. కోతా లేదు, కుట్టూ లేదు."

హమ్మయ్య, నా పరువు దక్కింది! కానీ ఆ సంతోషం ఎంతసేపు? చుక్కలు వేశారు. గడ్డం ఒక పీట మీద ఆనించి, నుదుటిని పట్టీకి నొక్కి, "కదలకండి" అన్నారు. వెలుగు నాలోంచే దూసుకుపోయి నా వెనక పేలాలి. టిక్. టిక్. నూకరత్నం బెదిరి ఉలిక్కిపడింది. ఒక దెబ్బ నాకు తగిలి చిన్న గుంట పడింది. చూపుకేం అడ్డం కాదని డాక్టరమ్మ అంది. నొచ్చుకున్నాను, అయినా నన్నడిగేదెవరు?

మర్నాడు హేచరీలో గిన్నె ముందు కూర్చుంది. పిల్ల పిల్లగా, నీడ నీడగా కనబడ్డాయి. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"అమ్మ బాబోయ్, నీడని కూడా లెక్కెట్టేశాను!" అని గొణుక్కుంది.

చుట్టూ ఎవరూ వినలేదు. నోరు మూసుకుంటే మాట నిలబడుతుంది, ఉద్యోగం నిలబడుతుంది. నాలుగు రోజులు మూసుకుంది కూడా. ఆ నాలుగు రోజులూ నూకరత్నం కన్ను కుదురుగా నిలిచింది లేదు, నాకు ఊపిరాడింది లేదు. ఐదో రోజున సత్తిబాబు చెరువుగట్టుకు నడిచి వెళ్లి, తప్పు తనదేనని చెప్పింది. అతను మేత చల్లుతూనే విన్నాడు. తలెత్తలేదు.

"పదిమందిలో అన్నారు పిన్నీ. చెప్పేదేదో పదిమందిలోనే చెప్పండి."

తర్వాతి లోడింగు రోజున రైతులందరూ ఉండగా నూకరత్నం లేచి నిలబడింది. "ఆ వేళ సత్తిబాబు చెప్పిందే నిజమండి. నా కంట్లో మసకేసింది. ఆ సంగతి దాచి, ఆ బాబుని దొంగని చేశాను" అంది. సూపర్‌వైజరు ముఖం మాడిపోయింది. సత్తిబాబు తన సంచిలోంచి ఒక గిన్నెడు తీసి ఆవిడ ముందు పెట్టాడు.

నూకరత్నం వంగి లెక్కపెట్టింది. "నూటముప్పై ఏడు."

సత్తిబాబు గిన్నె తన వైపు లాక్కుని, ఆవిడ ఎదురుగానే మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు. నూకరత్నం అతనికి వెలుగు అడ్డం రాకుండా పక్కకు జరిగి నిలబడింది.