ఒంటి మీది కుట్టు

ప్యాంటు అంచు మడిచి కుట్టి, పళ్ళతో దారం తెంపింది గిరిజ. అమెరికాలో, లోవెల్‌లోని ఆ ఆల్టరేషన్స్ షాపులో ఆమె పక్క మిషన్ సోఫీది. సోఫీ కంబోడియా మనిషి, డెబ్బై దాటింది. ఆ ఇద్దరి ఇంగ్లీషు వాళ్ళిద్దరికి తప్ప ఎవరికీ అర్థం కాదు. ఏళ్ళ తరబడి కష్టసుఖాలన్నీ అందులోనే చెప్పుకుంటున్నారు.

ఆ రోజు సోఫీ సూదిలో దారం ఎక్కించబోయి, చెయ్యి వణికి, పక్కన పెట్టేసింది.

"సాయంత్రం మా గుడికి రా. మా కంబోడియా రామాయణం ఆటలో మా మనవరాలు డాన్స్ చేస్తోంది. డ్రెస్ నువ్వే కుట్టాలి."

"ఇప్పుడా చెప్పడం? కొలతలేవీ?"

"కొలతలెందుకు? తొడిగి ఒంటి మీదే కుడతాం."

గిరిజ ఉలిక్కిపడింది. "ఒంటి మీదా? అరిష్టం సోఫీ! అలా కుడితే చావొస్తుందనేది మా అమ్మ."

గుండీ ఊడినా సరే, చొక్కా విప్పించి కుట్టడమే ఆమెకు అలవాటు.

"నువ్వు కుట్టకపోతే పిల్ల స్టేజ్ ఎక్కదు," అంది సోఫీ, వణికే చేతులు ఒళ్ళో దాచుకుంటూ. గిరిజ సూదులు, దారాలు సంచిలో వేసుకుంది.

గుడి అంటే బౌద్ధ విహారం. బుద్ధుడి ముందు బల్ల మీద రాముడు, హనుమంతుడు, రావణుడు, ఒక ముని, అందరి ముఖాల మాస్కులూ వరసగా పెట్టి అగరొత్తులు వెలిగించారు. రావణుడికి కూడానా అని గిరిజ బుగ్గలు నొక్కుకుంది. ఎందుకైనా మంచిదని అందరికీ కలిపి ఒకే దండం పెట్టింది.

లోపలి గదిలో సోఫీ మనవరాలు బొఫా చేతులు చాచి నిలబడింది. ఇవాళ ఆ పిల్లదే సీత వేషం. ఒంటికి చర్మంలా అతకాలట జరీ పట్టు. హుక్కులు, జిప్పులు పనికిరావు.

"భయపడకు. కుట్టు పడ్డాక ఇది నా మనవరాలు కాదు, దేవత," అంది సోఫీ. "దేవతకి అరిష్టమేంటి? కుట్లు విప్పాక మళ్ళీ మనిషి."

మనసులోనే అమ్మకు క్షమాపణ చెప్పుకుని గిరిజ సూది గుచ్చింది. పిల్ల ఊపిరి వదిలినప్పుడల్లా ఒక కుట్టు బిగించింది. ఎక్కడ కుట్టాలో సోఫీ కుర్చీలోంచే వేలితో చూపించింది. చివరి ముడి పడ్డాక తృప్తిగా తలూపింది.

వాద్యాలు మొదలయ్యాయి. బొఫా వేళ్ళు వెనక్కి వంచి మెల్లగా అడుగులు వేస్తుంటే గిరిజ తెర పక్కనుంచి చూసింది. భాష తెలియకపోయినా ఆ నడకలో సీతమ్మ దుఃఖం తెలిసింది. కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ మాట చెబుదామని సోఫీ వైపు తిరిగింది. పక్క కుర్చీలో సోఫీ గోడకు తల ఆనించి ఉంది. చెయ్యి పట్టుకుంటే వణకడం లేదు.

అంబులెన్స్ వాళ్ళు వచ్చి, చేయగలిగింది చేసి, తల అడ్డంగా ఊపారు. అమ్మ అన్నంత పనీ అయిందనుకుంది గిరిజ. తన సూదే ఈ పని చేసిందనిపించింది.

అప్పటికి ఆట ముగిసింది. సంగతి తెలిసి బొఫా పరిగెత్తుకొచ్చింది.

"ఆంటీ, కట్ చేసేయండి. ఇదంతా తీసేయండి, ప్లీజ్," అని వెక్కింది.

గిరిజ కత్తెర అందుకుంది. సోఫీ ముఖం చూసి, మళ్ళీ కింద పెట్టేసింది.

"కాసేపు ఇలాగే ఉండు తల్లీ. మీ అమ్మమ్మని దేవతే సాగనంపనీ."

బొఫా కళ్ళు తుడుచుకుంది. మొగ్గలా చేతులు జోడించి, తల వంచి మొక్కింది. ఆ తర్వాతే గిరిజ ఒక్కొక్క కుట్టూ విప్పింది.

అందరూ వెళ్ళాక విహారం గుమ్మం దగ్గర సోఫీ చెప్పుల జత మిగిలింది. ఎడమదాని పట్టీ ఎర్రదారంతో, వణికే చేత్తో వంకరటింకరగా, కొత్తగా కుట్టి ఉంది.