కొర్రల షెడ్డు

చేట కుదిపినప్పుడల్లా పొట్టు లేచి ఈదమ్మ మొహం మీద పడుతోంది. షెడ్డులో మిగతా ఆడవాళ్ళంతా కొంగు ముక్కుకు అడ్డంగా బిగించి కట్టుకున్నారు. ఈదమ్మ కట్టుకోలేదు. ఆ ధ్యాసే లేదు. పొద్దున ఎనిమిదింటికి కూర్చుంది. ఇప్పుడు పన్నెండు దాటింది. ముందు పోసిన కుప్ప పోసినట్టే ఉంది.

"ఈదక్కా, రాళ్ళు పోతున్నయి సూడు," అంది పక్కన కూర్చున్న బక్కమ్మ.

ఈదమ్మ చేటలోకి చూసింది. ఇసుక రాళ్ళూ కొర్రలూ ఒక్క రంగులోనే కనబడ్డాయి. బక్కమ్మ చెయ్యి చాచి నాలుగు రాళ్ళు ఏరి అవతల పారేసి, మళ్ళీ తన చేట అందుకుంది.

ఈదమ్మ కోడలు యాదమ్మకు కాన్పయి ఐదు రోజులు. ఎనిమిదో నెల పడీ పడకముందే నొప్పులొచ్చాయి. పుట్టిన ఆడపిల్ల ఏడవలేదు. కొడుకు నర్సింహ బోరుబండి మీద కూలిగా పోయి రెండు నెలలయింది. కర్నూలు అవతల ఏ ఊళ్ళో ఉన్నాడో, కబురు ఎక్కడికి పంపాలో తెలియదు. అందుకని ఈదమ్మే పాత చీర చింపి పిల్లను చుట్టి, ఊరి బయట వాగొడ్డున గుంత తీసి పూడ్చి వచ్చింది. గుంత తవ్వుతున్నప్పుడూ ఏడవలేదు, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నప్పుడూ ఏడవలేదు. మూడో రోజు నుంచి పనిలోకి వస్తోంది. రోజుకు ముప్పై రూపాయలు. రాకపోతే ఆ చోట్లో ఇంకొకరు కూర్చుంటారు.

షెడ్డు చూసుకునే ఫక్రుద్దీన్ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. యాభై ఏళ్ళ మనిషి. ఒకప్పుడు నార్కట్‌పల్లి అడ్డరోడ్డు మీద చిన్న కిరాణా దుకాణం నడిపి, అది సాగక మూసేసి ఇక్కడ కుదిరాడు.

"ఈదమ్మా, జర ఇటు రా."

ఆమె లేచి వెళ్ళింది.

"ఎట్లున్నది కోడలికి?"

"పండుకొనే ఉంది సాబూ."

"తింటాందా?"

"రెండు బుక్కలు తింటాంది."

"మూడింటికి సారు వస్తుండు. పట్నం నుంచి మన సరుకు కొనేటోళ్ళను తీస్కొస్తుండు. పనిచేసే ఆడోళ్ళతోటి మాట్లాడ్తరట. పాతోళ్ళల్ల నువ్వే మంచిగ మాట్లాడ్తవని నీ పేరు చెప్పిన. పోయిన వారం చెప్పిన, గిట్లయితదని ఎరుక లేక. ఇప్పుడు మార్సుమంటె సారు ఇనలే, ఎందుకని గూడ అడగలే. జర మొఖం కడుక్కో."

"ఏం మాట్లాడాలె?"

"ఏం లేదు. మేం గిదే తింటం, గందుకే గట్టిగున్నం అంటె చాలు."

ఈదమ్మ తలూపి వచ్చి తన చోట్లో కూర్చుంది.

సారంటే మాధవరావు. హైదరాబాదులో పెద్ద ఉద్యోగం చేసేవాడు. తల్లికి చక్కెర జబ్బు ముదిరి కాలు తీసేయాల్సి వచ్చిందట. పాత తిండి మానేయడం వల్లే ఈ రోగాలన్నీ అని ఆయనకు బలంగా నాటుకుంది. ఉద్యోగం వదిలేసి, మూడేళ్ళ కింద ఈ షెడ్డు కిరాయికి తీసుకుని, 'చలకపంట' అని పేరు పెట్టాడు. కొర్రలు, సామలు, పచ్చజొన్నలు కొని, పొట్టు తీయించి, చెరిగించి, కిలో పొట్లాలు కట్టించి పట్నానికి పంపేవాడు. మొదట్లో ఫోన్ చేసిన వాళ్ళ ఇళ్ళకు తనే స్కూటర్ మీద తీసుకుపోయి ఇచ్చేవాడు. ఇప్పుడు కంప్యూటర్ వచ్చింది. బెంగుళూరులో కూర్చున్న వాళ్ళు కూడా అందులో పేరూ చిరునామా కొడితే హైదరాబాదు ఆఫీసులో తెలుస్తుంది. ఆ లెక్క పొద్దున్నే ఫోన్‌లో ఫక్రుద్దీన్‌కు అందుతుంది. ఎనిమిది మందితో మొదలైన షెడ్డులో ఇప్పుడు ఇరవై రెండు మంది ఉన్నారు.

మాధవరావు చెడ్డవాడు కాదు. కూలీ ఎగ్గొట్టడు, ఆడవాళ్ళను 'మీరు' అంటాడు. ఊళ్ళల్లో కొర్రలకు కిలో నాలుగు రూపాయలు కూడా పలకని రోజుల్లో ఏడు రూపాయలు పెట్టి కొన్నాడు. ఈ చుట్టుపక్కల ఊళ్ళకు అదొక వింత. ఎవరూ అడగని గింజకు, పేదోళ్ళ గింజకు ఇంత ధరా అని అందరూ ఇళ్ళల్లో ఉన్నదంతా ఊడ్చి తెచ్చి అమ్మారు.

ఈదమ్మకు వానల మీద పండే ఎకరం చలక ఉంది. కొర్రా కందీ కలిపి చల్లేది. కొర్రలు ఇంటికి, కందులు అమ్మకానికి. అత్తగారి కాలం నుంచీ అంతే. రెండేళ్ళ కింద ఆమె కూడా ఆలోచించింది. కిలో కొర్రలు అమ్మితే ఏడు రూపాయలొస్తాయి. ఆ ఏడు రూపాయలకు కంట్రోల్ దుకాణంలో రేషన్ కార్డు మీద కిలో మూడున్నర చొప్పున రెండు కిలోల బియ్యం వస్తాయి. కిలో పోయి రెండు కిలోలు చేతికొస్తుంటే కాదనేదెవరు? ఆ రోజు గాదె అడుగున ఉన్న గింజ దాకా గీకి, గోనె నెత్తినెత్తుకుని తనే షెడ్డుకు మోసుకొచ్చింది. తెల్లన్నం తింటున్నామని ఇంట్లో అందరూ సంతోషపడ్డారు. కొత్తగా కాపురానికొచ్చిన యాదమ్మకు కొర్రన్నం ఎలా వండాలో నేర్పే పనే పడలేదు.

అప్పటికీ షెడ్డులో నూకలు మిగిలేవి. జల్లెడ కింద పడ్డ నూకలు వారానికొకసారి ఆడవాళ్ళు పంచుకుని పోయేవాళ్ళు. జావ కాచుకునేవాళ్ళు. పోయిన దసరా నుంచి అదీ ఆగింది. ఉప్మా రవ్వ అని పేరు పెట్టి నూకలు కూడా పొట్లాలు కడుతున్నారు. కొత్తగా డబ్బు పెట్టిన భాగస్థుడెవరో, షెడ్డులో ఏదీ వృథా పోకూడదన్నాడట.

యాదమ్మకు ఐదో నెలలో దవాఖానకు తీసుకుపోతే డాక్టరమ్మ కంటి రెప్ప కిందికి లాగి చూసింది. "రక్తం లేదు. ఒట్టి తెల్లన్నం పెడుతున్నారా? మాత్రలిస్తున్నా, మింగాలి. తిండి కూడా మార్చాలి. ఆకుకూర, జొన్నరొట్టె, రాగి జావ, కొర్రన్నం పెట్టండి. పల్లెలో ఉంటారు, మీకు అవి దొరక్కపోవడమేంటి?" అంది. ఈదమ్మ తలూపింది. వాటిలో కొర్రలు తను రోజూ పది కిలోలు చెరుగుతున్నానని చెప్పలేదు. మర్నాడు ఫక్రుద్దీన్‌ను రెండు కిలోలు అడిగింది. పొట్లం మీద ఇరవై ఎనిమిది రూపాయలని అచ్చు వేసి ఉంది. "పనోళ్ళకు రెండ్రూపాలు తక్కువ. గంతకంటె నా చేతుల లేదు ఈదమ్మా," అన్నాడు. ఒక్క కిలో కొన్నది. అది ఎనిమిది రోజులు వచ్చింది. తర్వాత కొనలేదు.

ఆ కిలో కొనకపోవడం వల్లే పిల్ల పోయిందని ఈదమ్మ అనుకోవడం లేదు. అలా అని అనుకోకుండానూ లేదు. ఏది అనుకోబోయినా తల లోపల నానిన గోనెసంచిలా బరువుగా ఉంది.

మూడున్నరకు తెల్ల వ్యాను వచ్చింది. పదిమంది దిగారు. మాధవరావు షెడ్డు తిప్పి అన్నీ చూపించాడు. పొట్టు తీసే మిషను ఆపించి, దుమ్ము సద్దుమణిగాక ఆడవాళ్ళ దగ్గరికి తీసుకొచ్చాడు. "ఈమె ఈదమ్మ. మొదటిరోజు నుంచీ మాతో ఉంది. వాళ్ళ పొలంలో పండించిందే మనకిస్తుంది," అన్నాడు.

గుంపులోంచి ఒక పెద్దావిడ ముందుకొచ్చి, చీర నలుగుతుందని చూడకుండా ఈదమ్మ ఎదురుగా నేల మీద కూర్చుంది. "మీ కొర్రలు తిన్నాక నా షుగరు దిగిందమ్మా. మా ఇంట్లో అందరం రోజూ మిమ్మల్ని తల్చుకుంటాం," అంది. మాటలో కల్లాకపటం లేదు. "మాకు ఎంత చేసినా పొడిపొడిగా రాదు. మీరెలా వండుతారు?"

"నానబోయాలె," అంది ఈదమ్మ. "ఎసరు మసిలినంక ఏసి, సెగ తగ్గిచ్చి మూత పెట్టాలె. పుంటికూర పప్పుల మంచిగుంటది. గట్ల వండేటోళ్ళం."

"ఇప్పుడూ అంతేనా?"

"ఇప్పుడు వండం."

"అదేం?"

"అమ్ముకుంటున్నం."

"మరి మీరేం తింటారు?"

"కంట్రోల్ బియ్యం. మూడున్నరయి."

పెద్దావిడ మాధవరావు వైపు చూసింది. ఆయన నవ్వాడు. "అంటే రోజూ ఇవే తినరని ఆమె ఉద్దేశం. ఈదమ్మా, ఇంట్లో వండుకుంటారు కదా, అప్పుడప్పుడు?"

ఫక్రుద్దీన్ గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. ఈదమ్మకు అతను చెప్పిన మాట గుర్తుంది. ఆ మాట అనేస్తే అయిపోతుంది. నోరు తెరిచింది కూడా.

"లే సారూ. మా కోడలు కడుపుతోటున్నప్పుడు డాక్టరమ్మ కొర్రన్నం పెట్టుమన్నది. ఒక కిలో కొన్న. మల్ల కొనలే. పిల్ల సచ్చి పుట్టింది. ఐదొద్దులయితాంది."

ఆమె గొంతులో ఏడుపు లేదు, నిష్ఠూరం లేదు. కంది చేను ఎట్లుంది అని అడిగితే చెప్పినట్టు చెప్పింది. చేటలు ఆగిపోయాయి. పెద్దావిడ చెయ్యి ఈదమ్మ మోకాలి మీదకు వచ్చి, అక్కడే ఉండిపోయింది. వెనకనుంచి ఒకాయన జేబులోంచి వంద నోటు తీసి ఎవరికివ్వాలో తెలియక ఫక్రుద్దీన్ చేతిలో పెట్టబోయాడు. ఫక్రుద్దీన్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

మాధవరావు మొహం నల్లబడింది. "నాకెవరూ చెప్పలేదే," అన్నాడు, గొంతు తగ్గించి. అది నిజమే. ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయనా అడగలేదు. ఇంకేమీ చూపించకుండా వచ్చినవాళ్ళను వ్యాను ఎక్కించాడు.

వ్యాను కదిలేముందు మాధవరావు ఆఫీసు గదిలో ఫక్రుద్దీన్‌తో మాట్లాడుతుంటే కిటికీలోంచి వినిపించింది. "ఆమెకు కష్టమొచ్చింది, కాదనను. కానీ నేను ఇల్లు తాకట్టు పెట్టి నడుపుతున్నానండీ దీన్ని. నలుగురి ఆరోగ్యం కోసం. ఈ మాట పది ఇళ్ళల్లో పాకితే ఇరవై రెండు మంది కూలీ పోతుంది. అదన్నా ఆలోచించొద్దా?"

ఈదమ్మ విన్నది. షెడ్డులో అందరూ విన్నారు. బక్కమ్మ ఆమె వైపు చూసి, మళ్ళీ తల వంచుకుని చెరగడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రం ఇంటికి పోతున్నప్పుడు ఈదమ్మ పక్కన ఎవరూ నడవలేదు.

మర్నాడు పొద్దెక్కకముందే ఫక్రుద్దీన్ లూనా బండి ఈదమ్మ ఇంటి ముందు ఆగింది. వెనక కట్టిన చిన్న గుడ్డసంచి విప్పి చేత పట్టుకున్నాడు. వాకిట్లో పళ్ళు తోముకుంటున్న ఈదమ్మ నోరు పుక్కిలించి లేచింది.

"కూసో సాబూ."

"పోవాలె. మిషను తిప్పాలె." అతను కూర్చోలేదు. "సారు రాత్రి ఫోన్ జేసిండు. నీ మీద కోపం లేదన్నడు. నెలకు రెండు కిలోల కొర్రలు నీ ఇంటికి పంపుమన్నడు, పైసల్లేకుంట, పుక్కట్ల. గిది ఈ నెలది."

ఈదమ్మ సంచి వైపు చూసింది, తీసుకోలేదు.

"ఆయితారం ఇంకో గుంపు వస్తది," అన్నాడు ఫక్రుద్దీన్. "నీ మాట కంప్యూటర్ల గూడ పెడ్తరట. మేం గిదే తింటున్నం అని చెప్పు. ఇస్తనే ఉన్నం గద, తింటనే ఉంటవు. అబద్ధం గూడ కాదు."

"షెడ్డుల ఎంతమందిమున్నం సాబూ?"

"ఎరుకే గద. ఇరవై రెండు."

"అందరికిస్తరా?"

ఫక్రుద్దీన్ లూనా హ్యాండిల్ మీద చెయ్యి వేసి అటూ ఇటూ కదిపాడు. "అందరికంటె భాగస్తులు ఒప్పుకోవాలె. ఒక్కొక్కటే అయితది. ముందుగాల్ల నువ్వు తీస్కో. కోడలి పానం సూస్కో. గామెకన్న పెట్టు."

కోడలి మాట ఎత్తగానే ఈదమ్మ చూపు ఒకసారి గుడిసె వైపు పోయి వచ్చింది. దూరంగా రోడ్డు మీద పత్తి ఏరబోయే ఆడవాళ్ళు ఒక్కొక్కరే నడుస్తున్నారు. పత్తికి పోతే పూటంతా వంగి ఏరాలి. ఇరవై రూపాయలు.

"నా ఒక్కదానికయితె నేను చెప్ప," అంది.

"పిచ్చి మాట మాట్లాడకు ఈదమ్మా. నిన్న నోరు జారింది, దుఃఖంల ఉన్నవు, అందరం సమజ్ చేసుకున్నం. ఇయ్యాల సోంచాయించి మాట్లాడు."

"నిన్న సోంచాయించలే. ఇయ్యాల సోంచాయిస్తున్న. నేను చెప్ప సాబూ."

ఆమె లోపలికి పోయి పత్తి ఏరే గుడ్డ నడుముకు చుట్టుకుంటూ బయటికి వచ్చింది. ఫక్రుద్దీన్‌కు చెప్పకుండానే అతని పక్కనుంచి నడిచి రోడ్డెక్కింది. ముందు పోతున్నవాళ్ళను అందుకోవాలని కాస్త వడిగా నడిచింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

ఫక్రుద్దీన్ సంచి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తిరిగి తీసుకుపోతే సారుకేం చెప్పాలో, ఈదమ్మ చెప్పనన్నాక వదిలిపోతే ఏం చెప్పాలో అతనికి తోచలేదు. చివరికి దాన్ని అరుగు మీద పెట్టి, మళ్ళీ చేత్తో పట్టుకుని, మళ్ళీ పెట్టాడు.

గుమ్మంలో అలికిడయింది. యాదమ్మ లేచి వచ్చి, ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉంది. పెదవులు కూడా తెల్లగా పాలిపోయి ఉన్నాయి. అతన్ని చూడడం లేదు. ఆమె చూపు అరుగు మీది సంచి మీద ఉంది.

"తీస్కో బిడ్డా," అనబోయాడు ఫక్రుద్దీన్. కానీ సంచి మీదనుంచి చెయ్యి తీయలేదు.