ముందుకు జరిపిన సీటు

"సీటెవరు ముందుకు జరిపారు?"

సాయంత్రం లాంచీ దిగి నేరుగా ఫైర్ స్టేషనుకి వచ్చిన మా ఆయన అడిగిన మొదటి మాట ఇది. నేనప్పటికింకా ఒళ్లంతా మసితో స్టేషను గుమ్మంలో కూర్చుని తడి పైపుని చుట్ట చుడుతున్నాను. ఫైరింజను ఎక్కబోతే ఆయన మోకాళ్లు స్టీరింగుకి కొట్టుకున్నాయట. కాలిన ఇంట్లో చిక్కుకున్న మనిషి బతికిందా అని అడగలేదు, నా అరచెయ్యి ఎందుకలా బొబ్బలెక్కిందని అడగలేదు. నేనే జరిపాను, నాకు మీ అంత పొడుగు కాళ్లు లేవుగా అన్నాను. ఈలోగా ఆయన చూపు తలుపుకి వేలాడుతున్న పగిలిన తాళం మీద పడింది. తాళం పగలగొట్టేముందు నన్నో మాట అడగొద్దా అన్నాడు.

అడిగాను. అందుకే నాకు ఒళ్లు మండుతోంది. అడిగాను.

మా దీవిలో ఎక్కడ మంట లేచినా ఫోను మోగేది మా ఇంట్లోనే, ఆయన ఫైర్ దళానికి కెప్టెన్ కనక. ఎత్తేది మాత్రం నేను. తలకి పోసుకుంటున్నా, జ్వరంతో పడి ఉన్నా లేచొచ్చి ఏ వీధి, లోపల ఎవరైనా ఉన్నారా అని అడిగి, గోడకున్న సైరను మీట నొక్కేది నేనే. "ఇంట్లో ఉండే మనిషే కదా, దానికి వేరే మనిషెందుకు" అని పెళ్లయిన కొత్తలో మా అత్తగారు అన్న మాటే నాకు ఉద్యోగపు ఉత్తర్వైపోయింది. జీతం సంగతి అందులో లేదు. దళంలో అందరూ మగవాళ్లే, అందరూ పొద్దున్నే లాంచీ ఎక్కి అవతలి ఒడ్డున పనులకి పోయి సాయంత్రం తిరిగొచ్చేవాళ్లే. స్టేషను తాళంచెవి కెప్టెన్ జేబులో ఉండాలని ఎవరో ఎప్పుడో రూలు పెట్టారు. అంటే రోజూ పొద్దున తాళంచెవి కూడా లాంచీ ఎక్కి పోతుందన్న మాట. మగవాళ్లు ఇంటికొచ్చేదాకా నిప్పు కూడా ఓపిక పడుతుందనుకున్నారు కాబోలు. ఒకసారి ఈ మాట అంటే, ఇన్నేళ్లలో పగలెప్పుడైనా అంటుకుందా, నీకన్నీ లేనిపోని అనుమానాలు అని కొట్టిపారేశాడు.

ఆ మధ్యాహ్నం అంటుకుంది. బట్టలు కుట్టే ఆవిడ ఇల్లు. పై గదిలో మంచం పట్టిన ఆవిడ తల్లి. సైరను నొక్కి ఆయనకి ఫోను చేశాను, తాళంచెవి లేదు, ఏం చెయ్యమంటారని. వెనకాల ఎవరో నవ్వుతున్నారు, టీ వేళ కాబోలు.

"సాయంత్రం లాంచీకి వచ్చేస్తాగా. ఈలోగా బకెట్లతో కానివ్వండి" అన్నాడు.

ఇంట్లో కూర మాడుతోందని నేను ఫోను చేసినట్టు అన్నాడు.

సుత్తి పట్టుకుని పరిగెత్తాను. ఎన్నో దెబ్బకి ఊడిందో తెలియదు. బండి తాళం బండిలోనే ఉంటుంది. పెళ్లికి ముందు మా నాన్న ఐసు లారీ నేనే నడిపేదాన్ని, ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. సీటు ముందుకి లాక్కుంటే కాళ్లు అందాయి. ఆస్పత్రి సిస్టరు దారిలో ఎక్కింది. పైపు ఎక్కడ బిగించాలో, పంపు ఎలా తిప్పాలో నాకెవరూ నేర్పలేదు. కానీ సాయంత్రాలు డ్రిల్లు జరుగుతుంటే టీ గ్లాసుల ట్రే పట్టుకుని నిలబడింది నేనే, నిలబడినంతసేపూ కళ్లు మూసుకుని లేను. సిస్టరూ నేనూ పైపు పట్టుకున్నాం. పొగ కాస్త తగ్గాక నేను బండిలో ఉన్న దళం కోటేసుకుని పైకెళ్లి ముసలావిణ్ణి దుప్పట్లో చుట్టి దింపాను. వేడెక్కిన మెట్ల కడ్డీ పట్టుకున్నప్పుడే చెయ్యి కాలింది. ఆవిడ నా మెడ వదల్లేదు, నేలమీద పడుకోబెట్టాక కూడా.

సాయంత్రం దళమంతా వచ్చి, కోట్లు తొడుక్కుని కాలిన కిటికీ దాకా వెళ్లి చూసి, మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు. కెప్టెన్ గారు ఇంట్లో ట్రైనింగు బాగానే ఇచ్చారే అన్నాడొకడు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. కాదనలేదు. ఆ క్షణంలో ఆ సుత్తి నా చేతిలో లేకపోవడం మంచిదైంది.

ఇంటికొస్తే అత్తగారు గుమ్మంలోనే అందుకుంది. మగాళ్ల కోటు తగిలించుకుని వీధంతా తిరిగావట, వాడు రేపు నలుగురిలో తలెలా ఎత్తుకుంటాడని. నేను పొగ దగ్గుతూనే అన్నం వడ్డించాను. ఆయన తింటూ తీర్పు చెప్పాడు. ఇంకోసారి ఇలాంటి పని చెయ్యొద్దని, నాకేమైనా అయితే లోకం ఆయన్నే అంటుందని. కొత్త తాళం వేసేశాడట. సీటు కూడా మళ్లీ వెనక్కి, ఉండాల్సిన చోటికి జరిపేశాడట.

"ఉండాల్సిన చోటు" అన్నాడు. నేను తినకుండానే కంచం తీసేశాను.

తర్వాత మసి కోట్లన్నీ మా పెరట్లోకి వచ్చి పడ్డాయి, ఎప్పటిలాగే. మంట ఆర్పింది ఎవరైనా కోట్లు ఉతికేది నేనేగా. నేను వేసుకున్న కోటు కూడా అందులో ఉంది. సబ్బునీళ్లు తగిలి చేతి బొబ్బలు భగ్గుమన్నాయి. ముసలావిడ పట్టుకున్న చోట కాలరు మీద ఆవిడ వేళ్ల మసి అలాగే ఉంది. అన్నీ ఉతికాను. ఆ కాలరు ఉతకలేదు. దీవిలో పగలంతా ఉండేది ఆడవాళ్లం మేము, పిల్లలు, లేవలేని ముసలివాళ్లు. రేపు మళ్లీ ఎక్కడో అంటుకుంటుంది, కొత్త తాళం పాతదానికంటే గట్టిది, నా సుత్తికి లొంగకపోతే? కోట్లన్నీ ఆరేశాను, కోపం మాత్రం తగ్గలేదు.

పొద్దున ఆయన ప్యాంటు ఇస్త్రీ చేశాను. చేసేముందు ఎప్పటిలాగే జేబులు ఖాళీ చేశాను. చేతిరుమాలు, లాంచీ పాసు, కొత్త తాళంచెవి. అయ్యాక రుమాలూ పాసూ తిరిగి పెట్టాను. ఆయన జేబు తడుముకోలేదు. నేను సర్దిన జేబుని ఇన్నేళ్లలో ఆయనెప్పుడూ తడుముకోలేదు.

లాంచీ రేవు దాటి మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూశాను. ఆ తర్వాత సైరను నొక్కాను.

సిస్టరు తెల్లచెప్పులతోనే పరిగెత్తుకొచ్చింది. బట్టలు కుట్టే ఆవిడ మెడలో టేపుతో వచ్చింది. పక్కవీధి వాళ్లు, బడి టీచరు, పిండి చేతులతో ఇంకొకావిడ. ఎక్కడ, ఎక్కడ అని అడుగుతున్నారు. నేను స్టేషను తలుపులు తీసి, ఉతకని కాలరున్న కోటు తొడుక్కుని, ఒక్కొక్కరికీ మా పెరట్లోంచి తెచ్చిన కోటు ఒకటి అందించాను. ఫైరింజను ఎక్కి కూర్చుని, కింద మీట పట్టుకుని సీటు ముందుకి లాగాను.

నా సెల్‌ఫోను మోగింది. సైరను లాంచీ దాకా వినిపించినట్టుంది, ఇంజను చప్పుడులోంచి ఆయన గొంతు అరుస్తోంది, ఎక్కడ అంటుకుంది, తాళంచెవి నా జేబులో లేదు అని.

"ఎక్కడా అంటుకోలేదండీ. ఇవాళ్టి నుంచి పగలు కూడా డ్రిల్లు ఉంది" అన్నాను. "తాళంచెవి ఇక్కడే ఉంటుంది. సాయంత్రం మీరొచ్చాక సీటు వెనక్కి జరపకండి."