తారంతో కోడలు, తారంతో సాలీడు

నార్దా పుట్టింది సముద్రం ఒడ్డున, తారంతో అనే పట్నంలో. పెళ్లయి పల్లెకు వచ్చాక గోధుమ కోతల్లో తోటి ఆడవాళ్లు ఆమెను ఆటపట్టించేవారు. పొలాల్లో తిరిగే పెద్ద సాలీడుకు టరాంటులా అన్న పేరు తారంతో నుంచే వచ్చింది మరి. "నీ పుట్టింటి చుట్టం వచ్చింది చూడవే," అని ఒకతె అంటే మిగతావాళ్లు పకపకా నవ్వేవారు. నార్దా కూడా నవ్వేసేది. అత్త క్రొచెఫీస్సా మాత్రం నవ్వేది కాదు. అసలు రెండేళ్లుగా ఆమె కోడలితో అవసరానికి మించి మాట్లాడిందే లేదు.

ఆ జూన్‌లో పనలు కడుతుండగా నార్దా మడమ మీద చురుక్కుమంది. ఇంటికి మోసుకొచ్చేసరికి ఒళ్లు చల్లబడింది, కళ్లు తెరవడం లేదు. క్రొచెఫీస్సా నేల మీద తెల్ల దుప్పటి పరిచి కోడల్ని పడుకోబెట్టింది. వయొలిన్ వాయించే మంగలి పాంతలేయోను పిలిపించి, తాను కంజీర పట్టుకుని కూర్చుంది.

సాలీడు కుట్టిన మనిషి లేచి ఆడితేనే విషం దిగుతుందని ఆ పల్లెల్లో నమ్మకం. ఆడాలంటే ఆమెకు నప్పే పాట దొరకాలి. పాంతలేయో పొద్దున్నుంచి ఎన్నో వాయించాడు. నార్దా కదల్లేదు.

"నాకొచ్చినవి అయిపోయాయమ్మా," అన్నాడు చివరికి.

"ఇవన్నీ మన పొలాల పాటలు. ఇది సముద్రప్పిల్ల," అంది క్రొచెఫీస్సా. "బట్టలుతుకుతూ ఒకటి పాడుకుంటుంది. విను."

వలలు లాగేవాళ్ల పాట అది. ముసలామె బొంగురు గొంతుతో ఒక్క మాట తప్పకుండా పాడింది. రెండేళ్లుగా గోడ అవతల నుంచి వింటూనే ఉందన్నమాట. పాంతలేయో అందుకున్నాడు. నార్దా కాలి వేళ్లు కదిలాయి, తర్వాత భుజాలు. లేచి ఆడింది, పడింది, మళ్లీ ఆడింది. మర్నాడు మధ్యాహ్నం ఆగి మంచినీళ్లు అడిగింది.

నీళ్లందించిన అత్త చేతి బొటనవేలు చిట్లి నెత్తురోడుతోంది. నార్దా ఆ చెయ్యి పట్టుకుంది.

"ఎందుకత్తా ఇంత..."

"ముందు నీళ్లు తాగు. కంజీర గట్టిది, నా వేలు పాతది. అంతే."

నార్దా ఆ వేలిని కళ్లకద్దుకుని ఏడ్చింది. ముసలామె చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

నెలాఖరున, సాలీడు కాటుకు అందరూ మొక్కుకునే పునీత పౌలు పండుగకు ఇద్దరూ గలతీనా ఊరి చర్చికి వెళ్లి కొవ్వొత్తులు వెలిగించి వచ్చారు. తిరిగొచ్చేసరికి నార్దా తండ్రి బుట్టెడు ఆల్చిప్పలతో గుమ్మంలో ఉన్నాడు. "నా బిడ్డను నిలబెట్టారు వదినగారూ," అన్నాడు, టోపీ తీసి. నార్దా ఆల్చిప్పలు వెల్లుల్లి వేసి ఉడికించి, మొదటి గిన్నె పాంతలేయోకు పంపింది. రెండోది అత్త ముందు పెట్టి, వేలికి కట్టుంది కదా అని, ఒక్కొక్కటే తానే ఒలిచి తినిపించింది.