ఎల్.సి. రిటర్న్

పొద్దున్నే ఊడ్పులకి వెళ్తూ పదిహేడో స్తంభం దగ్గర ఆగి, పైనున్న మొగుణ్ణి నాలుగు తిట్టి వెళ్లడం కృపాకుమారికి రోజూ ఉన్నదే. "ఊడిగం చేసింది చాలు, దిగవయ్యా!" అనేది. సత్యానందం వినేవాడు కాదు. చచ్చిపోయి రెండేళ్లయినా, తుప్పుపట్టి విరిగిన ఇనప బద్దకి బదులు తీగని తన చేత్తో ఎత్తిపట్టుకుని అలాగే నిలబడ్డాడు. అవనిగడ్డ నుంచి మోపిదేవి వెళ్లే ఆటోవాళ్లు "ఏం సత్యానందం గారూ, బావున్నారా?" అని పలకరించి పోయేవాళ్లు.

స్తంభం ఎక్కే ముందు లైన్‌మన్ ఎల్.సి. తీసుకోవాలి. లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపాం ఎక్కు అని పైవాళ్లిచ్చే మాట. పనయ్యాక ఆ మాట తిరిగిచ్చేసి దిగాలి. ఆ రోజు ఏ.ఈ. పిచ్చేశ్వరరావు ఫోన్లో ఎల్.సి. ఇచ్చాడు, మరిచిపోయి పది నిమిషాలకే కరెంటు వదిలాడు. తర్వాత రిపోర్టులో ఏమని రాశాడో తెలుసా? ఎల్.సి. తీసుకోకుండా ఎక్కాడని! తప్పు చచ్చినవాడి నెత్తిన పడింది. ఇవ్వలేదన్న ఎల్.సి.ని తిరిగి తీసుకునేదెవరు? అందుకే సత్యానందం దిగలేదు.

మొన్న హెలికాప్టర్ వచ్చి లేజర్‌తో తీగలన్నీ కొలిచి పోయింది. నేలకీ తీగకీ ఎత్తెంత, ఏ కొమ్మ తగులుతోంది, అన్నీ చుక్కల బొమ్మలో తేలతాయట. పదిహేడో స్తంభం కింది చేలో ఆడవాళ్లు ఊడుస్తుంటే, పిచ్చేశ్వరరావు ట్యాబ్ పట్టుకుని గట్టు మీదకొచ్చాడు.

"ఇక్కడ తీగ పంతొమ్మిది అడుగుల ఎత్తులో ఉందమ్మా. రిపేరు అక్కర్లేదు."

బొమ్మలో స్తంభం మీద చెయ్యెత్తిన మనిషి, చుక్కలు చుక్కలుగా.

"మరి ఈయన?" అంది కృపాకుమారి.

"మనిషి అని రాయడానికి గడి లేదు. చెట్టని రాస్తే కొట్టేయాలి. అందుకని సపోర్టు అని రాశాం."

కృపాకుమారికి ఒళ్లు మండిపోయింది. బురద చేతుల్తోనే ట్యాబ్ లాక్కుంది. "సపోర్టా? బతికుండగా మనిషిగా చూళ్లేదు, చచ్చాక ఇనప ముక్కని చేస్తారా? సిగ్గు లేదుటండీ మీకు!" ఆడవాళ్లందర్నీ చేలోంచి గట్టెక్కించి, పైకి చూసి అరిచింది. "ఏమయ్యా! ఆ తీగ వదిలెయ్!"

తీగ జానెడు కిందికి జారింది. పిచ్చేశ్వరరావు హడలిపోయి సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి కరెంటు ఆపించాడు.

అప్పుడు పైనుంచి సత్యానందం మాట్లాడాడు, డ్యూటీలో మాట్లాడినట్టే. "పదిహేడో స్తంభం, పనయిందండీ. ఎల్.సి. రిటర్న్ తీసుకోండి."

"ఓకే సత్యానందం, రిటర్న్ తీసుకున్నా" అనేశాడు పిచ్చేశ్వరరావు. ఇరవయ్యేళ్ల అలవాటు, నోరు ఊరుకోదుగా. ఇవ్వందే రిటర్న్ ఎలా తీసుకున్నాడో అతనికి తట్టేసరికి పన్నెండు మంది ఆడవాళ్లు వినేశారు.

సత్యానందం తీగ వదిలి దిగాడు. తీగ చేలో పడింది. పంట బోదెలో చేతులు కడుక్కుని, "కృపా" అని ఒక్కసారి పిలిచి, గట్టు వెంట నడిచాడు. కృపాకుమారికి వెనకే పరిగెత్తాలనిపించింది. కానీ పిచ్చేశ్వరరావు మెల్లగా బండి వైపు జరుగుతున్నాడు. వెళ్లి అతని చొక్కా పట్టుకుంది.

"ఆ రోజు ఎల్.సి. ఇచ్చింది నేనే అని రాయండి. అందరూ విన్నారు."

బండి సీటు మీద కాగితం పెట్టి రాశాడు. కూడబలుక్కుని మొత్తం చదివి, సంతకం పెట్టించి, కాగితం జాకెట్లో దోపుకుంది. తలెత్తి చూస్తే గట్టు మీద ఎవరూ లేరు. అప్పుడు బురదలోనే కూలబడి, రెండేళ్లలో మొదటిసారి, వెక్కి వెక్కి ఏడ్చింది.