నీళ్ళ కింద వేసుకునే బొంత

"పిండకే దాన్ని! పిండితే పాడైపోద్ది!"

మా ఆయన అప్పలకొండ గుమ్మంలో కూర్చుని టీ తాగుతూ అరిచాడు. నేను పిండడం లేదు. టబ్బులోంచి తీసి చెక్క మీద పరిచి, రెండు అరచేతులతో మెల్లగా ఒత్తి నీళ్ళు కార్చేస్తున్నాను. అసలు దాన్ని పిండకూడదని ఆయనకు చెప్పిందే నేను. మొదట్లో ఆయన తన ప్యాంట్లతో కలిపి నా మీదకు విసిరేసేవాడు. ఆయన జట్టు సూపర్‌వైజర్ రామనర్సయ్య గారిని అడిగితే లోపల కుట్టిన చీటీ చదివి చెప్పారు. చల్లని నీళ్ళు, కొంచెం సబ్బు, బట్టలకు వాసన పట్టించే మందు నీళ్ళలో జాడించకూడదు, ఇస్త్రీ తగలకూడదు, తిరగేసి నీడన ఆరేయాలి. ఇప్పుడు అవన్నీ మా ఆయన నాకు నేర్పుతాడు.

మా ఆయనలా నీళ్ళ అడుగుకు దిగి పనిచేసే డైవర్లు దాన్ని ఇన్నర్ అంటారు. మా అత్త బుల్లమ్మ బొంత అంటుంది. మెడ నుంచి మడమల దాకా ఒకటే బట్ట, లోపలంతా ఉన్నిలాంటి నూగు, ముందు పొడుగాటి జిప్పు. దాని మీద నీళ్ళు చొరబడని డ్రైసూటు తొడుక్కుని గనికి దిగువనున్న డ్యాములోకి దిగుతారు. కొండ మీద ఇనుప రాయి కడిగిన ఎర్ర నీళ్ళు అక్కడికే చేరతాయి. పంపుల నోటికున్న జాలీకి బురద పట్టేస్తే అడుగుకు దిగి తీయడం మా ఆయన జట్టు పని. నీళ్ళలోంచి వచ్చి సూటు విప్పితే లోపల మనిషి పొడిగా ఉంటాడు, చెమట తప్ప. ఆ చెమట నా వంతు. ఆయన ఒక్కడిదే కాదు, జట్టు మొత్తానిదీ. "మా ఇంటిది ఉతికేస్తాదిలే" అని ఆయన ఒకరోజు వాళ్ళకు మాటిచ్చి వచ్చాడు. నన్ను అడగాలన్న సంగతి ఆయనకు తోచలేదు. నిజం చెప్పాలంటే అప్పుడు నాకూ తోచలేదు.

వానల్లో ఒకసారి ఒక ఇన్నర్ చంకల దగ్గర ఆరలేదు. అది వేసుకున్న మనిషి వణుకుతూ పైకి వచ్చాడు. నేను టిఫిన్ క్యారేజీ పట్టుకుని గట్టు మీద ఉన్నాను. "తిని కూర్చుంటాది. ఒక్క బట్ట ఆరబెట్టడం రాదు" అన్నాడు మా ఆయన, అందరికీ వినపడేలా. అందరూ నేల చూశారు. నేను క్యారేజీ మూత తీసి అన్నం వడ్డించాను. ఆ రోజు నా చేతులు ఆ పని ఎలా చేశాయో ఇప్పటికీ అర్థం కాదు. కోపం రాలేదు. కోపం రావడానికి కూడా కాస్త తీరిక కావాలి. ఇంటికెళ్తే ఇంకా తడి బట్టలున్నాయి.

కొండ మీద చలి ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం అత్త బజారుకెళ్ళింది. ఆరిన ఇన్నర్ మడత పెడుతూ ఊరికే మొహం ఆనించాను. ఎంత మెత్తగా ఉందో! తలుపు గడియ వేయకుండానే ఒక కాలు దూర్చాను. తర్వాత రెండోది. జిప్పు గడ్డం దాకా లాగాను. చేతులు పొడుగైపోయి వేళ్ళు కనపడలేదు. మొదట ఏమీ తెలియలేదు. కాసేపటికి పొట్ట దగ్గర మొదలై వీపు మీదికి, మోచేతుల దాకా వెచ్చదనం పాకింది. ఆ బట్టలో నిప్పు లేదు, ఎండ లేదు. అది నా ఒంట్లో వేడే. బయటికి పోనివ్వకుండా ఆ నూగు పట్టుకుంది, అంతే. నా ఒంట్లో ఇంత వేడి ఉందా? ఇన్నాళ్ళూ ఎటు పోయింది ఇదంతా? నాకు నవ్వొచ్చింది. గదిలో అటూ ఇటూ తిరిగాను. చేతులు చాపి ఈత కొట్టాను, గాలిలో. తర్లగూడలో పెరిగినదాన్ని, బర్రె తోక పట్టుకుని గోదారిలో ఈత నేర్చినదాన్ని. పెళ్ళయ్యాక మోకాలి పైకి నీళ్ళు తగిలిన రోజు లేదు. నన్ను చేసుకున్నవాడు మాత్రం రోజూ నీళ్ళ అడుగు చూసి వస్తాడు.

"ఓలమ్మో! ఏటే ఇది?"

గుమ్మంలో అత్త. చేతిలో కూరల సంచి. గబుక్కున జిప్పు లాగబోతే ఇరుక్కుంది.

"ఊకెనే అత్తా. చూద్దామని..."

అత్త సంచి దించి దగ్గరికి వచ్చింది. నా చెయ్యి పట్టుకుని నొక్కి చూసింది.

"ఎచ్చగుందేటి?"

"మస్తుగ ఉంది."

"అయితే ఇప్పు. నానూ ఏసుకుంతాను."

విశాఖ ఒడ్డున చేపల బుట్ట మోసి మోసి మోకాళ్ళు అరిగిన మనిషి. చలికాలం వస్తే రాత్రంతా మూలుగుతుంది. ఒక్కో కాలూ ఎత్తి తొడిగాను. జిప్పు లాగాను. గోడకానుకుని కూర్చుంది. "ఓలి దీని కడుపు కాల!" అంది, కళ్ళు మూసుకుని. చూస్తుండగానే గురక పెట్టింది.

మా ఆయన వచ్చేసరికి ఇంకా అలాగే ఉంది. ఇల్లెగిరిపోయేలా అరిచాడు. రేపు నీళ్ళలో దిగాలట, తన బట్ట ఆడవాళ్ళు వేసుకున్నారట. అత్త కళ్ళు తెరిచింది గానీ లేవలేదు.

"నువ్వు నా కడుపులో నెలల తరబడి ఎచ్చగా పడుకున్నావు కదరా. నాను ఓ పూట నీ బట్టలో పడుకుంటే ఏటైపోనాది?"

మా ఆయన చెప్పులు తొడుక్కుని బయటికి పోయాడు. నేను వంటింట్లోకి పరుగెత్తి పమిట నోట్లో కుక్కుకుని నవ్వాను.

ఆ వారంలోనే రామనర్సయ్య గారు ఇన్నర్లు తీసుకోవడానికి వచ్చి ఒక మాట చెప్పారు. కంపెనీ ఈ చుట్టుపక్కల వాళ్ళకు డైవింగ్ నేర్పిస్తుందట. ఆదివారం మంచినీళ్ళ డ్యాము దగ్గర చూస్తారట, ఈత వచ్చినవాళ్ళు ఎవరైనా రావచ్చట.

"ఆడోళ్ళు కూడ రావచ్చునా సార్?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

"ఎవరైనా అంటే ఎవరైనానే గదమ్మా. ఈత వస్తదా?"

"గోదారిల ఈదిన."

ఆయన వెళ్ళగానే మా ఆయన మొదలుపెట్టాడు. "మగోళ్ళ మద్దెన బట్టలిప్పుకుంటావా? నా పరువేటైపోవాలి?"

"ఇప్పేదేముంది? లెగ్గిన్సు మీదనే తొడుగుతరు. మీ బట్టలు ఉతికేదాన్ని, నాకు తెల్వదా?"

ఆయన రాత్రి అన్నం తినలేదు. నేను తిన్నాను.

ఆదివారం అత్త నా వెంట వచ్చింది. గట్టు మీద మా ఆయన చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు, ఓడిపోతే చూద్దామన్నట్టు. రామనర్సయ్య గారు ఇన్నర్ మీద డ్రైసూటు తొడిగించారు. మణికట్లకు పౌడరు రాసి రబ్బరులోంచి చేతులు దూర్చాను. మెడ దగ్గర బిగుసుకుంటే ఊపిరాడనట్టయింది. "భయపడకు. మెల్లగ పీల్చు" అన్నారాయన. ఎదురుగా దిగి నా చెయ్యి పట్టుకున్నారు. నా నడుముకు తాడు కట్టి ఉంది.

దిగాను. నీళ్ళు మొత్తం సూటును నా ఒంటికి హత్తుకుపోయేలా నొక్కేశాయి. చన్నీళ్ళని తెలుసు, మొహానికి తగులుతున్నాయి, కానీ ఒళ్ళు వెచ్చగా ఉంది! ఆయన సైగ చేస్తే గుండె మీది మీట నొక్కాను. బుస్సున గాలి వచ్చి సూటు వదులైంది. భుజాలు తేలికయ్యాయి. ఇంకా దిగాం. నా ఊపిరి నాకు వినపడుతోంది. ఎవరూ పిలవడం లేదు. టీ అడగడం లేదు. వెలుతురు పచ్చగా దిగి అడుగున ఉన్న ఇసుక మీద కదులుతోంది. చెయ్యి చాపి ఆ ఇసుక పిడికిట్లోకి తీసుకున్నాను. వేళ్ళ సందుల్లోంచి పొగలా లేచింది. అరవాలనిపించింది. నోట్లో గాలి గొట్టం ఉంది కాబట్టి గొంతులోనే అరిచాను, బుడగలు పైకి లేచాయి.

పైకి వచ్చేసరికి అత్త గట్టు మీద చప్పట్లు కొడుతోంది. మా ఆయన జట్టులోని ఒకాయన "శభాష్ వదినా!" అన్నాడు. నాకు పళ్ళు బయటికి కనపడేంత నవ్వు. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

రామనర్సయ్య గారు మాస్కు తీసి, తడి మొహం తుడుచుకున్నారు. "మంచిగ చేసింది. ఇంక అసలు ట్రైనింగు విశాఖపట్నంల. హాస్టల్ల ఉండాలె. బుధవారం జీపు జగదల్‌పూర్ స్టేషన్‌కు పోతది." అని మా ఆయన వైపు తిరిగారు. "ఏమయ్యా అప్పలకొండా, పంపుతవా?"

అందరి తలలూ అటు తిరిగాయి. మా ఆయన నన్ను చూశాడు, వాళ్ళమ్మను చూశాడు, నీళ్ళను చూశాడు.

"ఇంట్లో ఆలోసించుకుని సెప్తాం సార్" అన్నాడు.

నేను మెడ దగ్గరి రబ్బరు వదులు చేసుకుని, గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను.

"ఆలోచించుడు అయిపోయింది సార్. జీపు ఎన్నింటికి?"